తగాదా క్యాసెట్టు

"కాస్త నెమ్మదిగా చెప్పు రెబ్కా. వెనకాల ఎవరో తరుముకొస్తున్నట్టు ఏంటా స్పీడు?"

రెబ్కా నేల మీద కూర్చుని వెల్లుల్లి ఒలుస్తోంది. ఎదురుగా కుర్చీలో ఆమె భర్త ఇమ్మానుయేలు కాలు మీద కాలేసుకుని ఆమె చేత సాక్ష్యం వల్లె వేయిస్తున్నాడు. ఆదివారం సాయంత్రం వాళ్ళింట్లో కృతజ్ఞత కూడిక. బజార్లో దొరికే అల్లం వెల్లుల్లి ముద్దతో బిర్యానీ వండితే పరువు పోతుందని అత్తగారు సువార్తమ్మ చాటెడు వెల్లుల్లి తెచ్చి కోడలి ముందు పోసి, నడుం నొప్పని వెళ్ళి పడుకుంది.

వాళ్ళ చర్చి సంఘంలో అదొక ఆనవాయితీ. ఇంట్లో ఏ మేలు జరిగినా, బిడ్డ పుట్టినా, జబ్బు నయమైనా, ఉద్యోగం వచ్చినా, పాస్టరు అయ్యగారినీ సంఘస్తులనూ ఇంటికి పిలిచి ప్రార్థన పెట్టించుకుని భోజనం పెడతారు. మేలు పొందిన మనిషి అందరి ముందూ లేచి నిలబడి దేవుడు తనకేం చేశాడో చెప్పాలి. దాన్నే సాక్ష్యం అంటారు. ఈసారి మేలు రెబ్కాది. జిల్లా పరిషత్ హైస్కూల్లో ఇంగ్లీషు టీచరు ఉద్యోగం వచ్చింది. అందుకని సాక్ష్యం కూడా రెబ్కాదే. కానీ అందులోని మాటలన్నీ ఇమ్మానుయేలువి.

"మళ్ళీ మొదట్నుంచీ చెప్పు."

"ప్రభువునందు ప్రియులైన మీ అందరికీ నా వందనాలు. పెళ్ళయి ఈ ఇంటికి వచ్చేనాటికి నేను ఏమీ తెలియనిదాన్ని. నా భర్తగారు నన్ను చదివించి..."

"ఎంతో ప్రయాసపడి చదివించి. ఆ ముక్క మింగేస్తున్నావు."

"డిగ్రీ అయ్యాకే కదండీ మన పెళ్ళయింది?"

"అబ్బో! డిగ్రీలకి ఉద్యోగాలిస్తున్నారా ఇప్పుడు? బీఈడీ ఎవరింట్లో ఉండి చేశావు?"

రెబ్కా గోటి కింద వెల్లుల్లి పొట్టు గుచ్చుకుంది.

"ఇంకోటి. మీ అమ్మ సంగతి ఎత్తకు. మిరపకాయలూ తొడిమలూ కూలీ, అదంతా ఇప్పుడెందుకు? మీది వ్యవసాయ కుటుంబమని అందరికీ చెప్పున్నాం. మా అమ్మ కూడా అదే చెప్పమంది."

అతను చెడ్డవాడేం కాదు. తాగడు, చెయ్యి చేసుకోడు. మంగళగిరిలో ఆఫీసు గుమాస్తా, సంఘానికి సెక్రటరీ. సంఘంలో ఆడవాళ్ళు రెబ్కాని చూసి, అదృష్టవంతురాలివమ్మా అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నిజమే కాబోలనుకుంటుంది. ఎంఏ పుస్తకాలు పొయ్యి పక్కన పెట్టుకుని చదివింది. కూతురు ఆరాధన కడుపులో ఉండగా వాంతులు చేసుకుంటూ బీఈడీ పరీక్షలు రాసింది. ఫీజులు తను పనిచేసే ప్రైవేటు స్కూలు జీతంలోంచి కట్టుకుంది. ఆ స్కూల్లో వార్షికోత్సవం వస్తే పెద్దలకు టీలు అందించే పని లేడీ టీచర్లదే. ఇంటికొచ్చి అదే పని. ఇవన్నీ ఎవరైనా అడిగితే చెప్పగలదు. కానీ ఎవరూ అడగరు. అడిగే చోట ఏం చెప్పాలో ముందే నేర్పుతున్నారు. పెళ్ళైన కొత్తలో సువార్తమ్మ అంది, "అమ్మాయ్, నీ మాట గింజలు చల్లినట్టు పడుతుంది. మెత్తగా మాట్లాడాలి. మనది పేరున్న కుటుంబం." అప్పట్నుంచీ మెత్తబడుతూనే వచ్చింది. ఇప్పుడు తన గొంతు తనకే పక్కింటి నుంచి వినిపిస్తున్నట్టు ఉంటుంది.

"అన్నట్టు మీ అమ్మని పిలవకపోతే బాగోదు," అంది గదిలోంచి సువార్తమ్మ. "రేపు వెళ్ళి చెప్పిరా అమ్మాయ్. ప్రార్థన వేళకి రాకపోయినా పర్లేదు. భోజనాల టైముకి వస్తే చాలని చెప్పు."

*

రెబ్కా తల్లి దీనమ్మది గుంటూరు శివార్లలో, కోల్డ్ స్టోరేజీల వెనక కాలనీ. ఊళ్ళోకి వస్తూనే గాలిలో మిరపకాయల ఘాటు ముక్కుకి తగులుతుంది. బయటివాళ్ళయితే తుమ్ముతారు. రెబ్కాకి మాత్రం ఇల్లొచ్చిందని తెలుస్తుంది.

తల్లి పనికి వెళ్ళింది. పక్కింట్లో తాళంచెవి తీసుకుని లోపలికెళ్ళి, అలవాటుగా చీపురు పట్టుకుంది. ఊడుస్తుంటే అల్మరాలో గుడ్డ కప్పిన టేప్ రికార్డరు కనబడింది. గుడ్డ తీసి, మీట నొక్కింది. మూత తెరుచుకుంది. లోపల క్యాసెట్టు అలాగే ఉంది. పేరున్న కాగితం ఎప్పుడో ఊడిపోయింది. తెల్లటి ప్లాస్టిక్కు మీద వేలిముద్రలు ఎర్రగా ఇంకిపోయి ఉన్నాయి.

తగాదా క్యాసెట్టు!

తొంభై ఏడులో కాబోలు, దీనమ్మతో పాటు తొడిమలు తీసే మౌలాబీ కువైట్లో ఇంటిపనికి వెళ్ళి తిరిగొచ్చింది. వస్తూ వస్తూ ఈ టేప్ రికార్డరు తెచ్చింది. అందులో ఆ ఇంటి కూతురు విసుగొచ్చి పారేసిన క్యాసెట్టు ఉంది. ఒక రోజు అది పట్టుకుని షెడ్డుకే వచ్చేసింది. రేకుల షెడ్డు. మధ్యలో గుట్టగా మిరపకాయలు, చుట్టూ ముక్కుకి కొంగు కట్టుకున్న ఆడవాళ్ళు. ఎడమ చేత్తో కాయ అందుకోవడం, కుడి చేత్తో తొడిమ తుంచడం, కాయ ఇటు, తొడిమ అటు. సెలవల్లో పదహారేళ్ళ రెబ్కా కూడా తల్లి పక్కనే కూర్చునేది. మౌలాబీ మీట నొక్కింది. ముందు డప్పులాంటి మోత వచ్చింది. ఆ తర్వాత ఒక ఆడమనిషి గొంతు. పాట కాదది, మాట. ఒక్క క్షణం ఊపిరి తీసుకోకుండా, ఒక్క మెట్టు తప్పకుండా, ఎవరినో నిలబెట్టి కడిగేస్తున్నట్టు ఇంగ్లీషులో మాట మీద మాట.

"ఎవరినో తిడతందే ఈ పిల్ల!" అంది దీనమ్మ నోరు తెరిచి.

"ఎవర్నయితే మనకెందుకు గానీ దీనా, భలే తిడతంది," అంది మౌలాబీ.

"కుళాయి కాడ బిందె పక్కకి నెట్టుంటారు."

"బిందె కాదు, ఇది మొగుడి యవ్వారం. అంత కోపం బిందెకి రాదు."

షెడ్డంతా నవ్వింది. ఆ రోజు నుంచి అది తగాదా క్యాసెట్టు, అందులో ఆవిడ తగాదా పిల్ల. ఆ మోత మీద చేతులు వాటంతటవే ఆడేవి. మోతకో కాయ, మోతకో కాయ. మధ్యాహ్నం కళ్ళు మండి చేతులు మందగించే వేళకి, "మే, తగాదా పిల్లని లేపండే" అని కేకేసేవాళ్ళు. మేస్త్రి మొదట విసుక్కున్నా, గుట్టలు త్వరగా తరగడం చూసి, బ్యాటరీలు తనే తెచ్చి ఇవ్వడం మొదలుపెట్టాడు.

రెబ్కాకి అర్థం ఒక్క ముక్క తెలియదు. అయినా రెండు వైపులా మొత్తం నోటికొచ్చేసింది. టేప్ రికార్డరు పాడైన రోజు, షెడ్డు మధ్యలో నిలబడి ఒక పాట మొదట్నుంచి చివరిదాకా గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది. ఆడవాళ్ళు తట్టలు వాయించారు. మౌలాబీ ఈలేసింది; తర్వాత టేప్ రికార్డరు బాగుచేయించి, క్యాసెట్టుతో సహా రెబ్కాకే ఇచ్చేసింది. జీవితంలో అంతమంది నోళ్ళు మూసుకుని తన మాట విన్నది అదే మొదటిసారి. ఆ వేగం ఆమె నాలుక మీద ఉండిపోయింది. డిగ్రీ కాలేజీలో లెక్చరర్ ఇంగ్లీషు పాఠం చదవమంటే, ఎక్కడా తడబడకుండా చదివి కూర్చునేది. ఆ తరహా సంగీతాన్ని ర్యాప్ అంటారని క్లాసులో ఒకమ్మాయి చెబితేనే తెలిసింది.

పెళ్ళైన నెలలోపే ఒక రోజు గిన్నెలు తోముతూ తెలియకుండానే ఆ పాట అందుకుంది. ఇమ్మానుయేలు గుమ్మంలో నిలబడి విన్నాడు.

"ఏంటది?"

ఉత్సాహంగా చెప్పింది. షెడ్డు, మౌలాబీ, అన్నీ. అతని మొహం మాడిపోయింది.

"అవేం పాటలో తెలుసా నీకు? అమెరికాలో రౌడీలు పాడుకునే పచ్చి బూతులు. మీ అమ్మ ముందు పాడేదానివా? సంఘ పెద్దల ఇంట్లో ఇవేం కూతలు? ఇంకోసారి నా చెవిన పడనీకు."

అతనికి ఇంగ్లీషు బాగా తెలుసని ఆమె నమ్మకం. అందుకే ఆ మాట సూటిగా లోపలికి దిగిపోయింది. ఆ రోజు నుంచి షెడ్డు గుర్తొస్తే ఒళ్ళు చచ్చిపోయేది. అంత గర్వంగా, అంత గొంతెత్తి, తల్లి ఎదుట, తల్లి వయసు ఆడవాళ్ళ ఎదుట తను బూతులు పాడిందా? ఆ తర్వాత ఏది బాగుందనిపించినా తన మీద తనకు అనుమానమే. చీర రంగు నచ్చినా అతని మొహం చూసేది. పుస్తకం నచ్చినా అందులో ఏదైనా తప్పుందేమోనని వెతికేది. తల్లి ఇంటికి ఎన్నిసార్లొచ్చినా ఆ గుడ్డ మాత్రం తీయలేదు. విని, అతనన్నదే నిజమని తేలితే? పదహారేళ్ళ వయసులో తనకంటూ ఉన్న ఒకే ఒక్క గొప్ప రోజు కూడా మురికిదని తేలితే, ఇక మిగిలేదేముంది?

చీపురు గోడకి ఆనించింది. ఇప్పుడు తను ఇంగ్లీషు ఎంఏ. పిల్లలకు ఇంగ్లీషు చెప్పబోయే సర్కారు టీచరు. ఇంకొకరు చెబితే నమ్మాల్సిన పని లేదు. వైరు ప్లగ్గులో పెట్టి మీట నొక్కింది.

టేపు కాస్త నీలిగి, అందుకుంది. మొదటి పాటలోనే రెండు బూతులు వినపడ్డాయి. ఎవరైనా విన్నారేమోనని రెబ్కా గుమ్మం వైపు చూసింది. వాకిట్లో కోడి తప్ప ఎవరూ లేరు. మళ్ళీ వింది. తన అద్దె గదిలోకి చెప్పకుండా జొరబడిన ఇంటి యజమానిని అంటోంది ఆవిడ. ఆ మాత్రం మాట కాలనీలో పొద్దున్నే కుళాయి దగ్గర ఎవరైనా అంటారు! రెబ్కాకి నవ్వొచ్చింది. రెండో పాట మెడలో గొలుసు గురించీ, కొనబోయే కారు గురించీ. ఉత్త కోతలు. పదహారేళ్ళప్పుడు ఇదేదో మహా గొప్ప సంగతనుకుంది. మూడోది ఒక స్నేహితురాలి మీద అలక. బాగానే ఉంది.

రెండో వైపు తిప్పింది. తను షెడ్డులో నిలబడి చెప్పిన పాట ఇదే. మోత మొదలవగానే పెదాలు వాటంతటవే కదిలాయి. అర్థం తెలియకుండా దాచుకున్న శబ్దాలు ఒక్కొక్కటే మాటలై తెరుచుకోవడం మొదలుపెట్టాయి. మా అమ్మ ఆ మేడలో నేల తుడిచేది, అంటోంది ఆవిడ. అంతస్తు మీద అంతస్తు తుడుచుకుంటూ పైకి వెళ్ళేది, వెనక మెట్ల మీదుగా దిగివచ్చేది. ఆ మేడ మీద ఎవరెవరి పేర్లో ఉన్నాయి, మా అమ్మ పేరు లేదు. ఆమె చేతుల్లో ఫినాయిలు వాసన, ఆ చేతులతోనే నాకు జడ వేసేది. బళ్ళో అడిగితే మా అమ్మ ఆఫీసులో పనిచేస్తుందని చెప్పాను. ఇప్పుడు మైకు నా చేతికొచ్చింది. ఇప్పుడు సరిగ్గా చెబుతాను, వినండి.

టేపు చివరికొచ్చి ఆగిపోయింది. రెబ్కా వెనక్కి తిప్పి మళ్ళీ పెట్టింది. ఒక్క మాట కూడా వదలకుండా వింది. తను పొరపాటు పడలేదు. భాష రాకపోయినా, ఏం చెబుతోందో తెలియకపోయినా, ఆ గొంతులో ఏదో నిజముందని తన లోపలికి అప్పుడే తెలిసింది. ఇమ్మానుయేలుకి భాష వచ్చు, కానీ వినలేదు. అసలు అతను ఈ క్యాసెట్టు ఒక్కసారైనా వినలేదు! గిన్నెలు తోముకుంటున్న పెళ్ళాం నోట నాలుగు ముక్కలు విని తీర్పు చెప్పేశాడు. తనేమో ఆరేళ్ళు ఆ తీర్పుని మోసింది. నెత్తి మీది గడ్డిమోపు ఎవరో దించినట్టయింది. నేల మీద అలాగే కాళ్ళు చాపుకుని కూర్చుని, ఏడుస్తూ నవ్వింది.

*

మధ్యాహ్నం అన్నానికి దీనమ్మ వచ్చింది. వెనకాలే మౌలాబీ.

"ఓయమ్మో, తగాదా పిల్ల ఇంకా బతికే ఉందా?" అంది మౌలాబీ గుమ్మంలోనే.

"అమ్మా, ఆవిడ ఎవరినీ తిట్టడం లేదే," అంది రెబ్కా. "వాళ్ళమ్మ గురించి చెబుతోంది. వాళ్ళమ్మ మేడల్లో నేల తుడిచేదంట."

దీనమ్మ చేతులు తడిపి కొబ్బరినూనె రాసుకుంటోంది. ఎంత రాసినా మంట పూర్తిగా పోదు. ఒక్క క్షణం చేతులాగాయి.

"నేను ఇన్నాళ్ళూ మొగుణ్ణి తిడతందనుకున్నానే!"

"నేనూ అంతే. నా మొగుణ్ణి తలుచుకుని మరీ వినేదాన్ని," అంది మౌలాబీ.

"అమ్మ గురించి అంత కోపంగా చెప్పాలా?" అడిగింది దీనమ్మ.

"కోపం అమ్మ మీద కాదే. అమ్మ సంగతి చెప్పొద్దన్నవాళ్ళ మీద."

ఆ మాట అన్నాక రెబ్కాకే ఎలాగో అయింది. తను వచ్చిన పని గుర్తొచ్చింది. ఆదివారం కూడిక అని చెప్పింది. దీనమ్మ మొహం తిప్పుకుని పళ్ళేలు పెట్టింది.

"మీ అత్తగారు పక్కింటివాళ్ళకి ఫోను చేసిందిలే. భోజనాల వేళకి వస్తా. నేను లోపల కూర్చుంటే ఘాటుకి అందరూ తుమ్ముతారు. వంటకాడ ఏదైనా సాయం ఉంటే చేస్తా."

"ప్రార్థన మొదలవకముందే రా. ముందు వరసలో కూర్చో."

"ఎందుకే గొడవ? నీకు ఉద్యోగం వచ్చింది, నాకదే చాలు. నా సంగతి ఎవరికి కావాలి?"

"నాకు కావాలి," అంది రెబ్కా. ఆ మాట గబుక్కున, పాత వేగంతో వచ్చింది. మౌలాబీ అన్నం ముద్ద నోటి దగ్గరే ఆపి ఆమె వైపు చూసి, "నేను తీసుకొస్తాలే పిల్లా దీన్ని. రెక్క పట్టుకుని," అంది.

*

ఆదివారం సాయంత్రం ఇంటి ముందు షామియానా. జక్రయ్య అయ్యగారు ప్రార్థన ముగించి, సెక్రటరీ గారిని రెండు మాటలు చెప్పమన్నారు. ఇమ్మానుయేలు లేచి గొంతు సవరించుకున్నాడు. భార్యను చదివించడంలో తను పడ్డ ప్రయాస, భార్య ఎదుగుదలకు అడ్డుపడకపోవడం క్రైస్తవ భర్తకు ఎంత అవసరమో, చాలా బాగా చెప్పాడు. ఆడవాళ్ళు రెబ్కా వైపు చూసి తలలూపారు. ముందు వరస కొసాకి దీనమ్మ కొంగు నిండా కప్పుకుని, ఎవరికీ తగలకూడదని ఒదిగి కూర్చుంది. పక్కన మౌలాబీ. వాళ్ళ వెనక కూర్చున్న పెద్దాయన అప్పటికే రెండుసార్లు తుమ్మాడు.

"ఇప్పుడు సహోదరి సాక్ష్యం చెబుతారు," అన్నారు అయ్యగారు.

రెబ్కా లేచింది. ఇమ్మానుయేలు అరచేత్తో గాలిని కిందికి అదిమినట్టు సైగ చేశాడు, నెమ్మదిగా అని.

"ప్రభువునందు ప్రియులైన మీ అందరికీ నా వందనాలు," నేర్పినట్టే మొదలుపెట్టింది. "నేను పెళ్ళయి ఈ ఇంటికి వచ్చేనాటికి..."

ఆగింది. షామియానా కింద ఎవరో దగ్గారు. నేర్చుకున్న తర్వాతి మాట నాలుక కొసనే ఉంది. అది చెప్పి కూర్చుంటే ఎవరికీ ఇబ్బంది లేదు. ముందు వరసలో తల్లి తల వంచుకుని, ఎర్రబడ్డ వేళ్ళు కొంగు కింద దాచుకుంటోంది.

"ఈ ఇంటికి వచ్చేనాటికి నేను డిగ్రీ పాసయ్యాను. నన్ను చదివించింది మా అమ్మ. ఆమె పేరు దీనమ్మ. ఇదిగో, ఇక్కడే కూర్చుంది. మాకు పొలం లేదు, మాది వ్యవసాయ కుటుంబం కాదు. మా అమ్మ గుంటూరు కోల్డ్ స్టోరేజీల్లో మిరపకాయల తొడిమలు తీస్తుంది. పొద్దున కూర్చుంటే చీకటి పడేదాకా లేవదు. చేతులు మండుతుంటే నాకు అన్నం కలిపి పెట్టలేక గరిటెతో పెట్టేది. నా కంట్లో కారం పడుతుందని నన్ను ముద్దు చేసేటప్పుడు మోచేత్తో దగ్గరికి తీసుకునేది. ఆ చేతుల మీద చదువుకున్నాను. పెళ్ళయ్యాక ఎంఏ, బీఈడీ నా జీతంతో నేను చదువుకున్నాను. వంట చేసుకుంటూ, బిడ్డని కడుపులో మోసుకుంటూ చదువుకున్నాను. నా భర్తగారు వద్దనలేదు. అందుకు దేవునికి స్తోత్రం. దేవుడు నాకు చేసిన అన్నిటికంటే పెద్ద మేలు మా అమ్మ. ఈ సాక్ష్యం ఆమెది కూడా."

ఎక్కడా ఆగలేదు. ఎక్కడా తడబడలేదు. చెప్పడం అయిపోయాక గానీ ఎంత వేగంగా చెప్పిందో ఆమెకు తెలియలేదు. అయ్యగారు ఏమనాలో తేల్చుకోలేక బైబిలు వైపు చూశారు. సువార్తమ్మ మొహంలో నెత్తురు చుక్క లేదు.

అప్పుడు ముందు వరసలోంచి, ఎప్పుడూ చర్చి గడప తొక్కని మౌలాబీ గొంతు ఖంగుమంది.

"ఆమేన్!"

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వుతో పాటే వెనక వరసల్లోంచి ఇంకో ఆమేన్, ఆపైన ఆడవాళ్ళ వైపు నుంచి మరికొన్ని. ఎప్పుడూ నోరు మెదపని ఒక ముసలామె, "మా అమ్మ పొగాకు కాల్చే బేరన్లో కూలి చేసేదమ్మా," అంది ఎవరూ అడక్కుండానే. దీనమ్మ తలెత్తింది. కొంగు కిందినుంచి చేతులు బయటకు తీసి, అందరికీ కనబడేలా జోడించింది.

ఏదో కూలిపోతుందని రెబ్కా భయపడింది. ఏదీ కూలలేదు. బిర్యానీ వడ్డించారు. అందరూ అడిగి అడిగి వేయించుకున్నారు. అయ్యగారి భార్య దీనమ్మని తన పక్కన కూర్చోబెట్టుకుని, ఒకసారి తుమ్మి, నవ్వి, తొడిమలు తీయడంలో కష్టం అడిగి తెలుసుకుంది.

పళ్ళేలు తీసే వేళకి ఇమ్మానుయేలు వంటింట్లోకి వచ్చి తలుపు దగ్గరకు వేశాడు. అతని గొంతులో కోపం కంటే బెంగే ఎక్కువ వినబడింది.

"నేను చెప్పినదేంటి, నువ్వు చెప్పినదేంటి? నలుగురిలో నా మొహం ఎక్కడ పెట్టుకోవాలి?"

"అబద్ధం ఏదైనా చెప్పానా?"

"అబద్ధమని కాదు రెబ్కా..." అతను గ్లాసు తీసి మంచినీళ్ళు ముంచుకుని తాగాడు. సర్దుబాటుగా అన్నాడు. "సరే, అయిందేదో అయింది. ఇకనుంచి నలుగురిలో ఏం మాట్లాడాలన్నా ముందు నాకొకసారి వినిపించు."

రెబ్కా చేతులు కడుక్కుని, తనకోసం ఒక పళ్ళెం తీసుకుంది. వేడి వేడిగా అన్నం పెట్టుకుంది. అతని మీద కోపం కూడా లేదు. ఎంతో తేలిగ్గా ఉంది.

"లేదండీ," అంది. "ఇకనుంచి అందరితో పాటే మీరూ వినండి."